చిటికెన వేలి కొస

మా చిన్నప్పుడు... హైస్కూల్లో సైన్సు అయ్యవారు కొయ్య బీరువా తలుపు తీయగానే, లోపల కొక్కేనికి వేలాడే అస్థిపంజరం అటూ ఇటూ ఊగింది. పక్కనున్న పిల్ల నా చేయి పట్టుకుని వదల్లేదు. నేను ఆ పిల్ల వెనక్కి నక్కాను.

కృష్ణపట్నానికి దగ్గర్లో సముద్రం ఒడ్డు పల్లె మాది. చేపలు పట్టే ఇల్లు. మా పల్లెలో ఎనిమిదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే... మా నాయన వద్దన్నా, "చేపల తట్ట మోసేది నా నెత్తి గదా, నీకేం బరువు?" అని నోరు మూయించి నన్ను బడికి పంపింది మా అవ్వ.

ఆ వారంలో నాకు దెబ్బ మీద దెబ్బ. అంతకుముందు రోజే ఉల్లిపాయ పొరను సూక్ష్మదర్శినిలో చూపించారు. వల కన్నుల్లా వరసగా గదులు... అవి కణాలట. మన ఒళ్లంతా అంతేనట. కణాలు కలిసి కండ, నరం. అవి కలిసి గుండె, కడుపు. అన్నింటినీ నిలబెట్టేది ఎముకల గూడు. అప్పటిదాకా మనిషంటే నెత్తురు నింపిన తోలుసంచి అనుకునేదాన్ని. "ఎముకలో కూడా ప్రాణం ఉంటుంది, లోపలి సన్న బెజ్జాల్లో నెత్తురు ఆడతా ఉంటుంది" అని అయ్యవారు చెప్పినప్పుడు, ఇంటికి పోయి నా మోచేతిని ఎన్నిసార్లు తడుముకున్నానో...

కానీ బీరువాలోది సున్నంతో పోసిన బొమ్మేనని పై క్లాసు పిల్లలు చెప్పారు. మద్రాసు నుంచి రైల్లో వచ్చిందట. నమ్మేశాను. భయం పోయి, దాని చేతిలో చేయి పెట్టి ఊపి అందరినీ నవ్వించాను కూడా.

అలా ఊపినప్పుడే పాత తీగ తెగి, చిటికెన వేలి కొస ఎముక కింద పడింది. అయ్యవారు కోప్పడి, చివరికి దాన్ని కాగితంలో చుట్టి నాకే ఇచ్చారు.

"ఇంట్లో దీని బొమ్మ గీసుకోని సోమవారం తెచ్చియ్యి. పోగొట్టినావంటే హెడ్మాస్టరు నిన్ను బళ్లో ఉంచడు. నేనూ ఏం చెయ్యలేను" అన్నారు.

ఆదివారం పొద్దున బొమ్మ గీసి, చెలమలో నీళ్లు తోడుకుని వచ్చేసరికి కాగితం ఉంది... ఎముక లేదు. అవ్వ గడపలో కూర్చుని ఉంది. చేతులకు పసుపు.

"అవ్వా, ఈడ పెట్టిన బొమ్మ ఎముక యాడ?"

"అది బొమ్మెట్ట అవుద్దిమే? ఒక పక్క చిట్లిపోయి ఉంటే చూళ్లా? లోపలంతా సన్న బెజ్జాలు. బొమ్మ చేసేవోడు కనపడని చోట బెజ్జాలెందుకు పెడతాడు? అది మనిషిది. పూడ్చిపెట్టినా."

అయ్యవారు చెప్పిన బెజ్జాలు... నేను బొమ్మ గీస్తూ కూడా గమనించని బెజ్జాలు. కడవ అక్కడే దించి, గీసిన బొమ్మను మళ్లీ చూసుకున్నాను.

మా పల్లెలో ఒక పద్ధతి ఉండేది. సముద్రం ఒడ్డుకు తెచ్చిన మనిషి ఎముక ఎవరి కంటబడితే వాళ్లే దానికి చుట్టం. పసుపు రాసి, అల రాని చోట పూడ్చి, గుప్పెడు బియ్యం చల్లాలి. పూడ్చింది మళ్లీ తవ్వకూడదు. నా బడి సామానుకు అవ్వ ఆ మర్యాదంతా చేసేసింది.

"నా చదువు పోద్దవ్వా, తవ్వియ్యి" అని కాళ్లు పట్టుకుని ఏడ్చాను. నా చదువు కోసం మెడలు విరిగేలా తట్ట మోసిన మనిషి... ఒప్పుకోలేదు. "అయ్యోరితో నేను మాట్లాడతా" అంది అంతే.

సోమవారం తట్ట బయట దించి, సైన్సు గది గుమ్మంలో నిలబడింది. సంగతి విని అయ్యవారు మండిపడ్డారు. పోయి తవ్వుకు రమ్మన్నారు.

"తవ్వకూడదు సామీ. నువ్వు చదువుకున్నోడివి, ఒకటి చెప్పు. ఆ బిడ్డ ఎవురి బిడ్డ?"

ప్రతి ఎముకకూ పేరు చెప్పగల అయ్యవారు బీరువా వైపు తిరిగారు. "తెలవదవ్వా... దిక్కులేని శవాలవి తెచ్చి అమ్ముతారంట" అన్నారు మెల్లగా.

నేను ఊపిన చేయి ఇంకా నా అరచేతిలో ఉన్నట్టే అనిపించి, పావడాకు రుద్దుకున్నాను. ఇప్పటికీ ఆ సిగ్గు పోలేదు.

అయ్యవారు హెడ్మాస్టరుకు చెప్పలేదు. తీగ తెగి ఒక ఎముక పోయిందని సామాన్ల పుస్తకంలో రాసుకున్నారు. నా చదువు నిలిచింది. అవ్వ తట్ట ఎత్తుకుంటుంటే వెనకే వచ్చి, "పిల్లలకు పాఠం చెప్పాల గదవ్వా. ఇది పాతబడినాక మిగతాదంతా నీకే తెచ్చిస్తా" అన్నారు.

"అట్నే సామీ. చోటు ఉంచుతా" అంది అవ్వ.

ఉంచింది కూడా. మొగలి పొదల పక్కన, ఆ చిన్న ఎముకను ఆనుకుని ఒక మనిషి పట్టేంత చోటుకు చుట్టూ గవ్వలు పేర్చింది. అక్కడ వల ఆరేసినా ఊరుకునేది కాదు. తర్వాత అయ్యవారికి వేరే ఊరు బదిలీ అయింది. అవ్వ పోయింది. నేను సైన్సు టీచరునై, ఎన్నో ఏళ్లు అదే పాఠం చెప్పాను.

రిటైరయ్యాక ఒకసారి ఆ బడికి పోయి, పాత బీరువా ఏమైందని అడిగాను. "అందులోవన్నీ పాత సామాన్ల లారీలో వేసి పంపేశాం మేడం" అన్నాడు కుర్ర టీచరు, టీ అందిస్తూ. టీ బల్ల మీదే పెట్టేసి లేచాను.

ఇప్పుడు మా మనవరాలి బడిలో ప్లాస్టిక్ అస్థిపంజరం ఉంది. ఫోనులో వేలితో తిప్పితే ఎముకలన్నీ కనిపిస్తాయి. మంచిదే... ఎవరి బిడ్డా కొక్కేనికి వేలాడక్కర్లేదు.

మీ బడి బీరువాలోనూ ఒకటి ఉండేదా? దాని పక్కన నిలబడి మీరూ నవ్వారా? ఉంటే, అదిప్పుడు ఎక్కడుందో ఒక్కసారి కనుక్కుని నాకు చెప్పండి... మొన్న మా ఒడ్డుకు పోయి చూసి వచ్చాను. గవ్వలు చాలావరకు చెదిరిపోయాయి గానీ, అవ్వ ఉంచిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.