ఐదో అంతస్తులో విరిగిన పాలు

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇల్లు అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఒక్కటే, బాల్కనీ. కొత్తలో అన్నానని ఏ పాతకాలం ముచ్చటో అనుకోకండి, ఐదేళ్లు కూడా కాలేదు. కానీ అప్పటి నా తెలివితేటలు గుర్తొస్తే నాకు నేనే ఎవరో దూరపు చుట్టాలమ్మాయిలా అనిపిస్తాను (పెళ్లిళ్లలో కనబడితే పలకరించి పక్కకు తప్పుకునే రకం చుట్టం). కోహెడలో మా ఇంటికి ముందొక తలుపు, వెనకొక తలుపు, వంటింట్లో పిల్లి దూరేంత కిటికీ ఉండేవి. బయట ఏం జరుగుతుందో చూడాలంటే బయటికే పోవాలి. లోపలే ఉండి బయట ఉన్నట్టుండే ఏర్పాటు ఒకటుందని ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివేటప్పుడు తెలిసింది. మా హాస్టల్ ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంటులో ఒకావిడ రోజూ సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో నిలబడేది. ఆవిడకు ఎన్ని కష్టాలుండేవో నాకు తెలియదు గానీ నిలబడడం మాత్రం చాలా గొప్పగా నిలబడేది. బతికితే అట్లా బతకాలని నేను హాస్టల్ చారు తాగుతూ నిశ్చయించుకున్నాను.

ఉద్యోగం సిద్దిపేటలో ఒక రక్తపరీక్షల సెంటర్లో దొరికింది. పొద్దున ఆరున్నరకు తాళం తీసే పని నాది. షుగర్ పరీక్షకు వచ్చేవాళ్లు పరగడుపున వస్తారు, పరగడుపున ఉన్న మనిషిని కాసేపు ఆగమంటే ఎంత నెమ్మదస్తుడైనా వేరే మనిషి అయిపోతాడు. మా ఊరి నుంచి మొదటి బస్సు పట్టుకుని నేను వచ్చేసరికి ఎనిమిదయ్యేది. మొదటి వారంలోనే ఒక పెద్దాయన మెట్ల మీద కూలబడి, "నువ్వు సూది గుచ్చేదాంక నా పానం ఆగుతదో ఆగదో బిడ్డా, జెర జల్ది రారాదు" అన్నాడు. ఆ మాట మా మేడం చెవిన పడింది. ఆమె నన్ను లోపలికి పిలిచి, నెలాఖరు లోపల సిద్దిపేటలోనే ఇల్లు చూసుకోమని, లేకపోతే తాను వేరే పిల్లను చూసుకుంటానని చాలా మెత్తగా చెప్పింది. మా బాపు సరే అన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. "బాపమ్మ నీతోని ఉంటది. ఏ ఇల్లు అయినా ఆమెకు నచ్చాలె." బాపమ్మ అంటే మా బాపు వాళ్లమ్మ. డెబ్బై దాటినా తెల్లారకముందే లేచి బర్రె పాలు పిండేది, కనబడిన ప్రతి మనిషిని ఆపి ఊరూ పేరూ అడిగేది.

ఇల్లు చూపించడానికి ఒక బ్రోకరన్న దొరికాడు. ఎంత దూరం అని ఏ ఇంటి గురించి అడిగినా "గీడ్నే చెల్లె", ఇక్కడే అనేవాడు, అందుకని నా మనసులో ఆయన పేరు గీడ్నే అన్న. ఆయన చూపించినవాటిలో రెండు మిగిలాయి. మొదటిది పాత బస్టాండు వెనక గల్లీలో రెండు గదుల పోర్షన్. మా సెంటర్‌కు నడిచిపోయేంత దగ్గర. ఒకే ఒక్క కిటికీ, అది తెరిస్తే చేయి చాపినంత దూరంలో పక్కింటి గోడ. పక్కనే ఉండే ఓనరమ్మ నేను ఇల్లు చూస్తున్నంతసేపూ నన్ను చూసింది. నేనొకసారి దగ్గితే, "దగ్గు ఎన్ని రోజులసంది ఉన్నది?" అని గోడ అవతల నుంచి ఇంకెవరో అడిగారు. రెండోది చంద్లాపూర్ పోయే దారిలో, ఊరు దాటాక, కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటులో ఐదో అంతస్తు. గీడ్నే అన్న నన్ను బండి మీద కూర్చోబెట్టుకుని రయ్యిమని తీసుకుపోయాడు. మొహం కనబడేంత నున్నటి టైల్స్, గుండీ నొక్కితే వెలిగే పొయ్యి గట్టు, ఇక బాల్కనీ అయితే నలుగురు పడుకోవచ్చు. అక్కడ నిలబడితే కింద పొలాలు, ఆ వెనక గుట్టలు, దూరంగా రంగనాయక సాగర్ నీళ్లు తెల్లగా మెరుస్తూ కనబడ్డాయి. కిరాయి గల్లీ పోర్షన్‌కు దాదాపు సమానమే. ఇంత బంగారం లాంటి ఇంటికి కిరాయి ఇంత తక్కువ ఎందుకని అడగాలని నాకు తట్టలేదు. (తట్టింది. అడిగితే జవాబు చెప్తాడని భయపడి ఊరుకున్నాను.)

ఆ సాయంత్రమే బస్టాండు రొదలో నిలబడి బాపమ్మకు ఫోన్ చేశాను. "బాపమ్మా, ఇల్లు సూసుకున్న. శుక్కురారం నువ్వు రా." నేను అన్నది ఇల్లు కళ్లతో చూసి వచ్చానని. మా వైపు ఇల్లు చూసుకున్నమంటే ఖాయం చేసుకున్నట్టు. పైగా శుక్రవారం రమ్మన్నాను. ఇంతకన్నా స్పష్టంగా పాలు పొంగించడానికి పిలవడం ఎవరికీ సాధ్యం కాదు.

శుక్రవారం బస్సు దిగిన బాపమ్మ చంకలో మూత బిగించిన స్టీలు క్యాన్, అందులో ఆ పొద్దున పిండిన పాలు. ఇంకో చేతి సంచిలో పిడకలు, కొత్త మట్టి గురిగి, బియ్యం, బెల్లం, పసుపు. నడి ఎండాకాలం, బస్సు దారిలో ఎక్కడో పంక్చరై పదకొండు దాటాక వచ్చింది. "ఇంక ఖాయం గాలేదు బాపమ్మా. రెండిండ్లున్నయి. సూస్తానికే రమ్మన్న" అన్నాను. ఆమె ఏమీ కంగారు పడలేదు. "మంచిదే. పాలు తెచ్చినం గద, ఏ ఇంట్ల పొంగితే గదే మనది" అంది.

ఇక్కడ నా కుట్ర చెప్పుకోవాలి. గల్లీ ఇల్లు బస్టాండు నుంచి ఐదు నిమిషాలు. న్యాయంగా అయితే ముందు అక్కడికే తీసుకుపోవాలి. కానీ పాలు ఒక్క క్యానే ఉన్నాయి, ముందు చూసిన ఇంట్లోనే అవి పొంగుతాయి. అందుకని నేను ఎంతో అమాయకంగా, "ముందు దూరంది సూసొద్దాం, తర్వాత దగ్గరిది సూద్దాం" అన్నాను. బాపమ్మ నా మొహం వంక ఒకసారి చూసి, పద అంది.

ఆటో అతను అపార్ట్‌మెంటుకు పోయే మలుపు దగ్గర ఆపేశాడు. పైపుల కోసం దారంతా తవ్వి ఉంది, ఆటో పోదన్నాడు. గీడ్నే అన్న తాళంచెవి పట్టుకుని అక్కడే బిల్డింగు కింద ఉన్నాడు. ఫోన్ చేస్తే, "గీడ్నే చెల్లె, గా కనవడుతున్న బిల్డింగే" అన్నాడు. కనబడుతున్న మాట నిజమే. ఎంత నడిచినా అది అట్లాగే కనబడుతూ ఉంది, దగ్గరికి మాత్రం రావడం లేదు. మొదటిసారి బండి మీద పోయిన నేను ఆ దారిని కాళ్లతో కొలవడం అదే మొదలు. మట్టి కుప్పలు ఎక్కుతూ దిగుతూ పోతుంటే క్యాన్ నాకివ్వమన్నాను. "పొంగిచ్చే పాలు చేతులు మారద్దు, నడుమ కింద పెట్టద్దు" అని ఆమె ఇవ్వలేదు. కొంగు తీసి క్యాన్ మీద కప్పింది, తన నెత్తి మాత్రం ఎండకు వదిలేసింది. అది చూసి నాకు సిగ్గేసింది గానీ బాల్కనీ మీద ఆశ చావలేదు. తీరా చేరుకునేసరికి కరెంటు పోయి లిఫ్టు ఆగింది. ఐదంతస్తుల మెట్లు ఎక్కుతూ బాపమ్మ ప్రతి అంతస్తులో తాళాలు వేసి ఉన్న తలుపులను చూసి, "గీళ్లందరు ఏడవొయిన్రు?" అని అడిగింది. ఓనర్లు కొందరు దుబాయిలో, కొందరు భీవండిలో ఉన్నారని, వస్తారని గీడ్నే అన్న చెప్పాడు. "ఎప్పుడొస్తరు?" అంటే మాత్రం ఆయన గీడ్నే అనలేకపోయాడు.

బాపమ్మ ఇల్లంతా ఒకసారి తిరిగి, బాల్కనీలో గాలి తగిలే చోటు చూసుకుని, పక్కన పడి ఉన్న మూడు ఇటుకలు పేర్చి పిడకలు రాజేసింది. "అవ్వా, టైల్స్ ఖరాబైతయి" అని గీడ్నే అన్న గిలగిలలాడాడు. "ఇల్లన్నంక పొయ్యి రాజెయ్యకుంట ఉంటర కొడుకా" అని ఆమె గురిగికి పసుపు రాసి పాలు పోసింది. నేను పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. ఎన్నేళ్లుగానో అనుకున్న నిలబడడం అది. పొలాలు, గుట్టలు, నీళ్లు అన్నీ ఉన్నాయి. కానీ నా కళ్లు వాటిమీద నిలవలేదు, మేం నడిచొచ్చిన దారి మీదే ఆగిపోయాయి. పొద్దున ఐదున్నరకు, సరిగ్గా తెల్లవారకముందే, ఆ మట్టి కుప్పల మధ్య నేనొక్కదాన్నే నడవాలి. దారిలో పడుకున్న కుక్కలు పైనుంచి చూస్తే కూడా పెద్దవిగానే ఉన్నాయి. వెనక గురిగి వేడెక్కుతున్న కొద్దీ నాకు భయం పట్టుకుంది, ఇప్పుడు పాలు పొంగితే ఈ ఇల్లు నాదైపోతుంది.

పాలు పొంగలేదు. ఆ ఎండకు, ఆ దూరానికి ఎప్పుడో పాడైనట్టున్నాయి, వేడి తగలగానే విరిగి పలుకులు పలుకులుగా తేలాయి. గీడ్నే అన్న నెత్తి గోక్కున్నాడు. నేను మొహం చిన్నబుచ్చుకున్నాను, పైకి. లోపల ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో ఆ బాల్కనీకే తెలుసు. బాపమ్మ మాత్రం ఏమీ జరగనట్టు విరిగిన పాలలో బెల్లం గడ్డ కొట్టి వేసి, దగ్గరపడేదాకా కలిపి, కాగితం ముక్కల మీద మా ఇద్దరికీ పెట్టింది. కమ్మగా కుదిరింది. గీడ్నే అన్న రెండుసార్లు పెట్టించుకున్నాడు. ఆమె కాళ్లు చాపుకుని కూర్చుని నీళ్లవైపు చూస్తూ, "మా కాలంల గన్ని నీళ్లు యాడియి" అని తనలో తాను అనుకుంది. తర్వాత నాతో మెల్లగా అంది. "పాలు ఇరిగిన ముచ్చట మీ బాపుకు చెప్పకు. ఇల్లు మంచిగున్నది, గాలి మంచిగున్నది. నీకు మనసైంది గద, ఉందాం."

నేను ఆ మాటకు సిద్ధంగా లేను. వద్దనే పని ఆమెదని, బుంగమూతి పెట్టే పని నాదని అనుకున్నాను. అప్పుడు నా నోట్లోంచి ఒక మహాత్యాగం వెలువడింది. "వద్దు బాపమ్మా. నేను డ్యూటీకి పోతే నువ్వొక్కదానివి గీడ ఎట్లుంటవ్? మాట్లాడెటందుకు ఒక్క మనిషి లేడు. నీకోసం గల్లీల ఇల్లే తీసుకుందాం." ఆమె "సరె, నీ ఇష్టం బిడ్డా" అని బూడిద ఎత్తసాగింది. ఆ టైల్స్‌ను ఇద్దరం పీచు పెట్టి రుద్దినా మసి మాత్రం కొంచెం మిగిలే ఉంది.

ఆ సాయంత్రమే గల్లీ ఇంట్లో ఓనరమ్మ ఇచ్చిన ప్యాకెట్ పాలు మేం చూసేలోపలే పొంగి పొయ్యంతా పారాయి. కొత్తగా తుడిచిన పొయ్యి అని ఓనరమ్మ గొణిగింది, బాపమ్మ ఆమెకు పరమాన్నం గిన్నె ఇచ్చి నోరు మూయించింది. నెల తిరక్కుండా గల్లీ మొత్తం బాపమ్మ చేతిలోకి వచ్చింది. ఎవరికి షుగర్, ఎవరికి కోపం, ఎవరింట్లో ఏ కూర, అన్నీ నాకన్నా ఆమెకే ముందు తెలిసేవి. సెంటర్ తాళం ఆరున్నరకు తీసేదాన్ని, మెట్ల మీది పెద్దాయన నన్ను మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. కిటికీ అవతల గోడ అట్లాగే ఉండేది. తోటి ఉద్యోగులు సొంతింటి కలల గురించి మాట్లాడుకుంటుంటే నేను గొంతు కొంచెం తగ్గించి, "నాకైతే సాగర్ కనబడే ఫ్లాటు దొరికింది, మా బాపమ్మ కోసం వదులుకున్నా" అనేదాన్ని. విన్నవాళ్లు అయ్యో అనేవాళ్లు. ఆ అయ్యో నాకు చాలా నచ్చేది.

ఏడాది తర్వాత మా చిన్నత్త కూతురి పెళ్లి ఖాయం చేసుకునే పూలుపండ్లకు అందరం కోహెడలో కలిశాం. నేను మంచినీళ్ల గ్లాసులు పట్టుకుని అర్రలోకి పోబోతుంటే లోపల బాపమ్మ చిన్నత్తతో చెప్తోంది. "నాకైతే గా అంత మీదున్న ఇల్లే నచ్చిందే. గాలికి హాయిగ పండుకుంటుంటి. పిల్లనే బుగులు పడ్డది. పాలు కాగుతుంటె దాని మొకం జూసిన, తెల్లగైంది. భయమైతుందని చెప్తె నామోషీ గద, నాకోసం అన్నట్టు చెప్పింది. నేను గూడ సరె అన్న. చిన్న పిల్ల, దాని మాట దానికి ఉండనియ్యి."

గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. ఏడాది పొడవునా ఎంతమందికి చెప్పుకున్నానో వాళ్లందరి మొహాలు వరసగా కళ్లముందు తిరిగాయి. తిరిగి పోదామనుకునేలోపల బాపమ్మ నన్ను చూసింది. దాచుకోవడానికి ఇక ఏముంది గనక, పోయి ఆమె పక్కన కూర్చుని అడిగాను. "నిజంగ ఉంటుంటివా బాపమ్మా, గంత పెద్ద బిల్డింగుల, పొద్దంత ఒక్కదానివే?"

"ఉంటుంటి బిడ్డా" అంది ఆమె, నా చేతిలోంచి గ్లాసు తీసుకుంటూ. "మాపటికి నువ్వస్తవు గద."

మేం ఇప్పటికీ ఆ గల్లీలోనే ఉంటున్నాం. అప్పటి ఆ పిల్ల, తానేదో త్యాగం చేశానని తల ఎత్తుకుని మెట్లు దిగిన పిల్ల, గుర్తొచ్చినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. కొంచెం ఈర్ష్య కూడా కలుగుతుంది, ఎందుకంటే ఆ రోజు ఐదంతస్తులూ తన చేయి పట్టుకుని దించింది బాపమ్మే అయినా, తానే బాపమ్మను దించుతున్నానని ఆ పిల్ల హాయిగా అనుకోగలిగింది.