ట్రామ్ ఆగని స్టాపు

డబ్లిన్‌లో శాండీఫోర్డ్ దాటాక ఒకచోట ట్రామ్ గంట కొడుతుంది కానీ వేగం తగ్గించదు. కిటికీలోంచి ఒక ప్లాట్‌ఫాం కనిపిస్తుంది. రెయిలింగు, దీపాలు, గేటుకు తాళం, పలకల సందుల్లో మోకాలెత్తు గడ్డి. లైను వేసినప్పుడే కట్టిన ఆ స్టాపును ఇంతవరకూ తెరవలేదు. ఆ గంట వినగానే నాకు మోరా గుర్తొస్తుంది, ఆ తాళం మీద ఒళ్లు మండుతుంది.

విజయవాడలో దినపత్రిక ఉద్యోగం వదిలి, భార్య ఉద్యోగం వెంట డబ్లిన్ వచ్చిన నన్ను తన వారపత్రికలో పెట్టుకున్న ఎడిటర్ మోరా. చుట్టూ ఐటీ ఆఫీసులు లేస్తున్న రోజులవి. వాటి ఎదుట స్టాపులు వెంటనే తెరిచారు. ఇళ్ల దగ్గరిది మాత్రం మూసే ఉంచారు. కౌన్సిలర్‌ని అడిగితే, "అక్కడ ఇంకా మనుషులే లేరు కదా" అన్నాడు. నేను ఆ మాట రాసి, కింద నాలుగు చీవాట్లు చేర్చాను. మోరా వాటిని కొట్టేసింది. "నువ్వెందుకు వాదించడం? ఆయన మాట ఉన్నదున్నట్టు వెయ్యి. పైన ఫొటోలో మనుషుల్ని చూపించు."

మర్నాడు పొద్దున్నే తలుపులు తట్టి అందర్నీ ఆ గేటు ముందుకు పిలిచాం. స్కూలు పిల్లలు, డ్యూటీ దిగిన నర్సులు, లాప్‌టాప్ సంచులతో మన తెలుగువాళ్లు వచ్చారు. కరీంనగర్ సుజాత చలికి చేతులు రుద్దుకుంటూ, "ఫోటువ దిగితె ట్రామ్ ఆగుతదా అన్నా?" అంది. "ఆగకున్నా మంచిదే. ఇయ్యాల మా ఆయన పొద్దుగాల లేచిండు." అందరూ నవ్వుతుండగానే ట్రామ్ గంట కొట్టి దూసుకుపోయింది.

మోరా ఇల్లు ఆ గేటుకు ఎదురుగానే ఉండేది. తుంటి నొప్పితో అవతలి స్టాపుదాకా రోజూ కుంటుతూ నడిచేది. నువ్వూ నిలబడు అన్నాను. "పేపరు నాది. నా నొప్పి అందులోకి రాకూడదు" అని కెమెరా వెనకే ఉండిపోయింది.

ఎన్నికలొచ్చాయి. కౌన్సిలర్ కరపత్రం మా ఇంట్లోనూ పడింది. దానిమీద మా ఫొటోనే ఉంది! "ఈ స్టాపు కోసం మీతోపాటు నిలబడ్డాను" అని కింద అచ్చువేసుకున్నాడు. దొంగ అని హెడ్డింగు పెడదామన్నాను. మోరా ఒప్పుకోలేదు. ఆయన పాత మాటనూ కొత్త మాటనూ పక్కపక్కన వేసింది, ఒక్క విశేషణం లేకుండా. ఆయన గెలిచాడు. గేటు తెరుచుకోలేదు. "ఇంతకీ ఏం సాధించాం?" అన్నాను కసిగా. "తెలియక ఓటేశామని ఇక ఎవరూ అనలేరు" అంది. అంటూనే చేతిలోని కరపత్రాన్ని పిడికిట్లో నలిపేసింది. కోపం నాకొక్కడికే కాదని అప్పుడు తెలిసింది.

ఈ దేశంలో చావింటికి నాయకులు తప్పకుండా వస్తారు. మోరా పోయినప్పుడు ఆ కౌన్సిలరూ వచ్చాడు. అందరితో చేతులు కలుపుతూ నా దగ్గరికొచ్చి, "మంచి మనిషి. ఇక్కడే ఉండేదని నాకు తెలియదు" అన్నాడు.

"ఇక్కడ మనుషులే లేరన్నారుగా" అన్నాను.

ఆయన చెయ్యి లాక్కుని పక్కవాళ్ల దగ్గరికి జరిగాడు. బయట ట్రామ్ గంట కొట్టి వెళ్లిపోయింది.

ఆ వారం మోరా గురించి నేనే రాశాను. చావింట్లో ఆయన నాతో అన్న మాట వేశాను. గేటుకు ఎదురిల్లనీ, తుంటి నొప్పితో రోజూ ఎక్కడిదాకా నడిచేదో కూడా వేశాను. పేపరు ఇక ఆవిడది కాదు. గేటుకు ఇంకా తాళమే ఉంది, నా కోపమూ చల్లారలేదు. రాసేటప్పుడు మాత్రం విశేషణాలు కొట్టేస్తాను.