చిన్న కన్నాలు

మూత్రం ఎర్రగా పోతోందని నాన్న చెప్పినప్పుడు అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది, "వేడి చేసింది" అని. ఈ హిందీ ఊరికి వలసొచ్చి, స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన మనిషికి వేడి కాక ఇంకేం చేస్తుందని మేమూ అనుకున్నాం. ఆ వేసవంతా నాన్న బార్లీ నీళ్లు తాగాడు.

చివరికి రాయ్‌పూర్ తీసుకెళ్తే, మూత్రాశయంలో క్యాన్సర్ అన్నాడు డాక్టరు. మొత్తం తీసేయాలి, రోబోతో చేస్తాం, పొట్టమీద చిన్న కన్నాలే పడతాయి అన్నాడు. ఇంకా చాలా చెప్పాడు, బొమ్మ గీసి మరీ చెప్పాడు. మా బుర్రకెక్కింది మాత్రం రోబో, చిన్న కన్నాలు. కన్నం చిన్నదైతే జబ్బూ చిన్నదే అనుకునే తెలివి మాది. పక్క క్వార్టర్ దీదీకి నేనే గొప్పగా చెప్పాను.

"రోబో అంటే మనిషుండడేటి?" అని నాన్న ఒక్కసారి అడిగాడు.

"ఉంటాడు నాన్నా. కొంచెం దూరంగా కూర్చుని నడుపుతాడు" అన్నాను.

ఆపరేషన్ అయ్యాక వార్డులో నర్సు దుప్పటి తొలగించింది. కన్నాలు నిజంగానే చిన్నవి. బొడ్డుకి కుడిపక్కన మాత్రం ఎర్రటి మాంసపు మొగ్గ, దానికి అతికించిన సంచీ, అందులో మూత్రం. ఇది ఎప్పుడు తీస్తారని అడిగాను.

"యే తో హమేషా రహేగా, దీదీ" అంది నర్సు.

ఎప్పటికీ ఉంటుందట. మంచం కమ్మీ పట్టుకున్నాను. డాక్టరు మీద, ఆ రోబో మీద, అన్నిటికంటే మా తెలివి మీద మండిపోయింది. నాన్న నా మొహం చూసి దుప్పటి పైకి లాక్కున్నాడు.

ఫస్ట్ షిఫ్టు రోజుల నుంచీ మా ఇంట్లో తెల్లారకముందే దేవుడి దీపం పెట్టేది నాన్నే. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన డ్యూటీ అదొక్కటే. ఇంటికొచ్చాక, కాస్త తేరుకున్న రోజున స్నానం చేసి, దేవుడి గది గడప దగ్గర ఆగిపోయాడు.

"ఈ సంచీ ఎట్టుకుని లోపలికెలాగొస్తానే?" అన్నాడు అమ్మతో.

అమ్మ వైపు చూడాలంటే భయమేసింది నాకు. స్నానం చేయకుండా ఆ గదిలోకి తొంగిచూస్తేనే నన్ను ఉతికి ఆరేసే మనిషి ఆవిడ. ఆ దీపం కూడా లేకపోతే నాన్న ఇక మంచం దిగడని నాకు తెలుసు.

"ఇన్నాళ్లూ కడుపులో మోసుకుని రాలేదేటి ఈ గదిలోకి?" అంది అమ్మ, లోపల వత్తి చేస్తూనే. "ఇప్పుడు బయట మోస్తన్నారు. అంతే కదా. రండి."

నాన్న కుడికాలు లోపల పెట్టాడు. రెండుసార్లు గీసినా అగ్గిపుల్ల వెలగలేదు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.