కొంగలమ్మ, ఆమె అక్క

బస్సు డిపోలో ఆమెను అందరూ కొంగలమ్మ అనేవారు, ముద్దుకు కాదు. వర్క్‌షాపు వెనక చెట్ల నిండా తెల్లకొంగలు గూళ్లు కట్టుకున్నాయి. వాటి రెట్టలు బస్సుల అద్దాల మీదా, మెకానిక్కుల నెత్తిమీదా పడేవి. వాటిని తోలేయించాలని డిపో మేనేజరు కాళ్లరిగేలా తిరుగుతుంటే, కదిలించడానికి వీల్లేదని పై ఆఫీసు నుంచి ఉత్తర్వు తెచ్చింది ఈమె. ఇక ఎవరికి నచ్చుతుంది? ఆమె వచ్చే వేళకు ఎవరో ఒకరు నిచ్చెన తీసి టైర్ల గుట్ట వెనక పడేసేవారు. ఆమె వెతికి తెచ్చి, గోడకు ఆనించి, గూళ్లను గమనించడానికి గొడుగుతో సహా వర్క్‌షాపు మిద్దె ఎక్కేది.

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. ఒక జంతువు ఎందుకు అలా ప్రవర్తిస్తుంది, ఆ ప్రవర్తన తరతరాలుగా ఎందుకు నిలిచింది, ఇదే ఆమెకు పట్టిన పిచ్చి. కొంగ గుడ్లన్నీ ఒకేసారి పిల్లలు కావు. మొదటిది కాస్త బలిశాక గానీ చివరిది బయటికి రాదు. ఇక పెద్దపిల్ల చిన్నదాని నెత్తిన పొడవడం మొదలుపెడుతుంది. నూగు ఊడి, రక్తం కారేదాకా వదలదు. చిన్నది మెడ వాల్చేసి గూటి అంచుకు జరుగుతుంది, ఏదో ఒకరోజు కింద పడుతుంది. తల్లికొంగ పక్కనే నిలబడి రెక్కలు దువ్వుకుంటూ ఉంటుంది.

తిండి చాలక కొట్టుకుంటున్నాయని ఆమె మొదట నమ్మింది. అలా నమ్మాలని కోరుకుంది కూడా. మిద్దెకు అందే గూళ్లలో చిన్నచేపలు వేసి, పిల్లల్ని కడుపునిండా మేపింది. అయినా పెద్దది పొడవడం మానలేదు. కరువు రాకముందే పోటీని వదిలించుకున్న పిల్లలే ఎక్కువగా బతికి మళ్లీ పిల్లల్ని కన్నాయనీ, ఆ గుణం అలాగే దిగి వచ్చిందనీ చివరికి ఆమె తేల్చుకుంది.

ఆమెకు ఓ అక్క ఉంది. తండ్రి కట్టిన ఇంట్లో పై అంతస్తులో అక్క, కింద తల్లీ తానూ. చేపల కంపు పైకి కొడుతోందని అక్క రోజూ సాధించేది. ఓసారి ఈమె రబ్బరు బూట్లను అక్క వీధిలోకి విసిరేసింది. ఇవన్నీ చిల్లర తగువులు. అసలు సంగతి పాతది. చిన్నప్పుడు కొత్త గౌను విషయంలో పేచీ వచ్చి అక్క ఆమెను మెట్ల మీంచి తోసేసింది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ఈనాటికీ తిన్నగా సాగదు. ఆ రోజు తల్లి గుమ్మంలోనే ఉండి బట్టలు మడతపెడుతోంది. చేతిలో ఉన్నది మడిచాకే వచ్చింది. ఆడుకుంటూ పడిందని డాక్టరుతో చెప్పింది.

ఆ ఏడాది లైబ్రరీ హాల్లో కొంగల మీద ఆమె ప్రసంగం పెట్టారు. ముందు వరసలో తల్లీ అక్కా కూర్చున్నారు. ప్రసంగం కాగానే అక్క లేచింది.

"పుట్టుకతో వచ్చిన గుణానికి ఆ పెద్దపిల్లని తప్పు పడతామా?"

"పట్టం. కొంగకి తప్పొప్పులు లేవు."

అక్క జనం వైపు తిరిగింది. "మెట్ల మీంచి తోశానని మా చెల్లెలు ఇన్నేళ్లుగా నన్ను కాల్చుకు తింటోందండీ. అది ప్రకృతేనని ఇవాళ తన నోటితోనే చెప్పింది."

హాలంతా నవ్వింది. నవ్వు సద్దుమణిగేదాకా ఆమె బల్లను పట్టుకుని నిలబడింది.

"ఆ గుణం ఎలా వచ్చిందో చెప్పాను, మంచిదని చెప్పలేదు. నేను కింద పడ్డాక నువ్వు మెట్లు దిగొచ్చావు. అమ్మతో చెబితే మళ్లీ తోస్తానన్నావు. ఏ కొంగా ఆ మాట అనదక్కా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అక్క తల్లిని రెక్క పట్టుకుని లేపి తీసుకుపోయింది.

ఆమె ఇల్లు చేరేసరికి తల్లి పెట్టె సర్దుకుంటోంది. నలుగురిలో దాని పరువు తీశావు, ఇక నేను పైనే ఉంటానంది. మొదలుపెట్టింది అక్కే కదా అంటే, ఇంకో చీర చేతిలోకి తీసుకుంది.

"ఆ రోజు నువ్వు చూశావా అమ్మా?"

తల్లి చీర అంచులు కలిపి, మడిచి పెట్టెలో పెట్టింది.

"చూశాను. దాన్నేమన్నా అంటే ఇల్లు పీకి పందిరేసేది. నువ్వైతే ఏడ్చి ఊరుకుంటావు. ఎప్పుడూ సర్దుకుపోయేదానివి నువ్వే."

"ఇక సర్దుకోను."

తల్లి పెట్టెను ఆమే మోసుకెళ్లి పై గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టకుండా దిగి వచ్చింది. మర్నాడు వడ్రంగిని పిలిపించి, ఇంటి లోపలి మెట్లకు కింద చెక్కలు అడ్డం కొట్టించింది. అక్క పైనుంచి నోటికొచ్చినట్టు తిడుతుంటే వడ్రంగి సుత్తి ఆపి ఈమె మొహంలోకి చూశాడు.

"కానివ్వు," అంది.

ఇప్పుడు తల్లి అప్పుడప్పుడు వీధివైపు మెట్లు దిగి వస్తుంది. ఈమె కుర్చీ వేస్తుంది, అన్నం పెడుతుంది, మోకాళ్ల నొప్పుల గురించి అడుగుతుంది. అక్క ఊసు ఇద్దరూ ఎత్తరు. తల్లి వెళ్లేటప్పుడు గేటుదాకా సాగనంపుతుంది గానీ, మళ్లీ ఎప్పుడొస్తావని మాత్రం అడగదు.