అవ్వ పేరు మీద ముద్ద

ఎర్రగుంట్ల స్టేషన్లో నా పక్కన ఒక తల్లి బొద్దుగా ఉన్న కూతురికి సంగటి తినిపిస్తోంది. సగంలోనే పాప చాలంది. తల్లి డబ్బా మూయబోయింది. తిండి మిగిలిస్తే నేను ఊరుకోలేను.

"అవ్వ ముద్ద, తాత ముద్ద అని పెడితే తింటాది గదమ్మా!" అన్నాను.

"ఇంట్లో అందరి పేరు మీదా పెట్టినామవ్వా. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసపడతాండాది. బిడ్డ చాలంటే ఆపమని పిల్లల డాక్టరమ్మ చెప్పింది. మా అత్తే వినదు" అంటూ ఆమె తల దించుకుంది.

పాప ముద్ద తీసి నా నోటి దగ్గర పెట్టింది. "ఇది నా ముద్ద. తినవ్వా!"

నేను ఇంట్లో కడుపు నిండా తినే బయల్దేరాను. పాప మాట కాదనలేక నోట పెట్టుకుంటే, ఆ ముద్ద గొంతు దిగడం కష్టమైంది.

ఇప్పుడు మా మనవరాలు చాలంటే కోడలు నా మొహం చూస్తుంది. కంచం నేనే తీసి పక్కన పెడతాను. మిగిలిన సంగటి పొద్దున్నే మజ్జిగలో పిసుక్కుని తాగుతాను.