రబ్బరు బ్యాండు ఉన్న సీసా

మా వదిన ఆసుపత్రి ల్యాబులో కండ ముక్కలను ఉల్లిపొర కన్నా పలచగా కోస్తుంది. ఇంట్లో బంగాళాదుంప ఇస్తే మాత్రం నాలుగే ముక్కలు.

ఆ పొరల మీద మెరిసే మందు వేసి, ఏ ప్రోటీన్ ఎక్కడుందో చూడటం ఆవిడ పని. డిస్ట్రోఫిన్ అనేది కండపోగు చుట్టూ ప్రహరీలా ఉండాలి. దాని తోబుట్టువు యుట్రోఫిన్ మాత్రం నరం వచ్చి కండను తాకే చిన్న చోటులోనే, గుమ్మం దగ్గర కాపలాదారులా కూర్చోవాలి. కొన్ని కండజబ్బుల్లో అది గుమ్మం వదిలి పోగు చుట్టూ పాకుతుంది.

పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుడి ముక్క కావాలి. బస్సు డ్రైవరైన మా అన్నయ్య మోకాలి ఆపరేషన్ అప్పుడు బఠాణీగింజంత ఇచ్చాడు. అప్పటినుంచి "మీ ఆసుపత్రికి నా కండే కొలబద్ద" అని ఒకటే కోతలు.

ఒక సాయంత్రం నేను అక్కడుండగానే వదిన వచ్చి, చెప్పులైనా విప్పకుండా, "ఏమండీ, ఒకసారి కింద కూర్చుని లేవండి" అంది.

"ఎందుకే?"

"ముందు లేవండి, చెప్తా."

అన్నయ్య మోకాలి మీద చెయ్యి ఆనించి, మూలుగుతూ లేచాడు. వదిన మొహం పాలిపోయింది.

"ఏంటే ఆ చూపు? నేనేమన్నా పేలిపోయిన టైరునా?"

వదిన నన్ను వంటింట్లోకి లాగింది. "యుట్రోఫిన్ మందు వేశాను. మీ అన్నయ్య ముక్కలో పోగు చుట్టూ వెలిగింది! కండజబ్బు ఉన్నవాళ్లూ అలాగే చెయ్యి ఆనించి లేస్తారు. కానీ జబ్బైతే బస్సెలా నడుపుతారు? జబ్బు కాకపోతే అలా ఎందుకు వెలుగుతుంది? నాకేం పాలుపోవట్లేదు."

"ఏమో వదినా. అన్నయ్య చిన్నప్పట్నుంచి భోజనం దగ్గర తప్ప ఎక్కడా వెలిగింది లేదు."

వదిన నవ్వలేదు. కూరలో రెండోసారి ఉప్పు వేసింది. అన్నయ్య ముద్దకో గుక్క నీళ్లు తాగుతూ, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

మర్నాడు ల్యాబులో ఆ పరీక్ష మళ్లీ మొదలుపెట్టింది. వెలుతురు తగిలితే మెరుపు పాడవుతుందని ఆ పని చీకటి గదిలో చేస్తారు. డిస్ట్రోఫిన్‌ను వెలిగించే మందుదీ, యుట్రోఫిన్‌ను వెలిగించేదీ, రెండు సీసాలూ ఒకే పొడవు. తడిమి పోల్చుకోవడానికి యుట్రోఫిన్ సీసాకు మొదట్లోనే రబ్బరు బ్యాండు వేసి పెట్టుకుంది. వంగగానే జడ ముందుకు పడింది. అలవాటుగా సీసా మీది బ్యాండు లాగి జుట్టుకు చుట్టేసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. నిన్నా ఇలాగే చుట్టింది. మళ్లీ తీసి ఏ సీసాకు తొడిగింది?

లైటు వేసింది. బ్యాండు ఊడిన సీసా మీద డిస్ట్రోఫిన్ అని ఉంది. అంటే నిన్న వెలిగింది ప్రహరీ! అది చుట్టూ వెలగడమే ఆరోగ్యం. అసలు సీసాలోది వేసి చూస్తే, పోగుకు ఒక పక్కన, గుమ్మం దగ్గర, బుద్ధిగా ఒక్క మెరుపు.

"మీ కండ భేషుగ్గా ఉందండీ" అంది ఇంటికొచ్చి.

"నాకు తెలీదా! మరి నిన్న ఆ గుంజీలెందుకు?"

వదిన నా వైపు చూసింది. నేను గిన్నె వైపు చూశాను.

"వ్యాయామం... మంచిదని."

వదిన ఇప్పుడు జుట్టుకు క్లిప్పు పెట్టుకుంటోంది. అన్నయ్య మాత్రం పొద్దున్నే కూర్చుని లేస్తూ, "ఇదెందుకో నీకేమన్నా అర్థమైందా?" అని నన్నే అడుగుతున్నాడు.