సగం చుక్క

హెడ్‌ఫోన్ మెత్తలను తడిగుడ్డతో, కళ్లజోడును చొక్కా అంచుతో తుడిచి, అతను కాగితం మీద రెండు నిలువు గీతలు గీశాడు. సమయం, తప్పు, ఎన్ని సెకన్లు. స్కేలు వాడడు. ఆరేళ్లుగా రోజూ గీస్తున్న చెయ్యి, వంకర పోదు.

సినిమా చూడడమే అతని ఉద్యోగం. టీవీలకు వెళ్లే సినిమాను ముందుగా మొదటి నుంచి చివరిదాకా చూసి, బొమ్మ చెదిరినా, మాట పెదవికి అతకకపోయినా రాసిపెట్టాలి. రోజుకొక కొత్త సినిమా. ఈ సంగతి వినగానే చుట్టాలు "అదృష్టజాతకుడివయ్యా" అంటారు. తీపి సంగతి మిఠాయి కొట్టువాణ్ణి అడగాలి. ఇంట్లో భార్య టీవీ పెడితే అతను గోడవైపు తిరిగి కూర్చుంటాడు.

ఆఫీసులో అతన్ని భూతద్దం అంటారు. పోయిన వారం ఆ అద్దానికి మచ్చ పడింది. ఫైలు అతికించినవాళ్ల పొరపాటున ఒక సినిమాలో బస్టాండు సీను రెండుసార్లు వచ్చింది. అతను కునుకు తీయలేదు, చూశాడు. చూసి, హీరోకి పాత సంగతి గుర్తొచ్చింది కాబోలు అనుకుని రాయకుండా వదిలేశాడు. రెండువేల సినిమాలు చూసినవాడికే అలా తోస్తుంది. ఎప్పుడూ చూడనివాడైతే "ఇందాకే చూపించారుగా" అనేవాడు.

మేనేజరుది అతని కూతురి ఈడు. తల వంచుకుని చెప్పింది. "బాబాయ్, ఇంకోసారి ఇలా జరిగితే మీ సంతకం కింద ఇంకొకరి సంతకం కూడా ఉండాలంటున్నారు పైవాళ్లు."

తిట్టినా బాగుండేది.

ఇవాళ్టి సినిమాలో ఒక ముసలాయన భార్యను కాటికి సాగనంపి వచ్చి వంటింట్లో కూర్చున్నాడు. కుళాయి చుక్కలు చుక్కలుగా గిన్నెలోకి కారుతోంది. ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. పదకొండు సెకన్లు. మళ్లీ మొదలైంది.

పెన్ను కాగితం మీదే నిలబడిపోయింది. కావాలని పెట్టిన నిశ్శబ్దాన్ని తప్పని రాస్తే నవ్వులపాలు. తప్పును నిశ్శబ్దమనుకుని వదిలేస్తే రెండో సంతకం పాలు. వెనక్కి తిప్పి నాలుగుసార్లు చూశాడు. కళ్లు మండాయి గానీ ఏమీ తేలలేదు.

ఇంతలో భార్య ఫోన్ చేసింది.

"తిన్నారా?"

"తింటాలే. కుళాయి కారుతోంది."

"సినిమాలోనా? మనింట్లోది నెల్నుంచీ కారుతోంది, దాన్ని చూసే నాథుడు లేడు! ఒక చుక్క పడ్డాక ఇంకోటి ఎప్పుడు పడుతుందా అని చెవులు రిక్కించుకుని కూర్చోవడమే నా పనైపోయింది."

"మళ్లీ చెప్పు?"

"చెప్పను. ముందు తినండి."

అతను తినలేదు. చప్పుడు పూర్తిగా పెంచి, చెప్పులో రాయి వెతికినట్టు ఒక్కో బొమ్మనే జరుపుతూ విన్నాడు. చుక్క గిన్నెలో పడింది. టప్పుమనే చప్పుడు మొదలై, మధ్యలోనే తెగిపోయింది. నిశ్శబ్దం కావాలనుకున్న పనివాడు చుక్క పూర్తిగా పడనిస్తాడు, లేదా మెల్లగా తగ్గిస్తాడు. చప్పుణ్ణి సగానికి కొయ్యడు.

సమయం రాసి, పక్కన "శబ్దం తెగింది, 11" అని రాశాడు. సినిమా పూర్తయ్యేదాకా చూసి కాగితం తీసుకెళ్లాడు.

మేనేజరు చదివి పెదవి విరిచింది. "దీన్ని కళ అంటారేమో బాబాయ్. దుఃఖంలో ఆయనకేమీ వినపడట్లేదని..."

"అననీ అమ్మా. కోసిన సగం చుక్క సంగతి అడుగు."

ఆమె సినిమా పంపినవాళ్లకు ఫోన్ చేసింది. చాలాసేపు ఊ కొట్టింది. పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలింది.

"వాళ్ల కాపీలో చుక్కలన్నీ వినపడుతున్నాయట. మనకు పంపిన ఫైల్లోనే పోయాయి. కొత్తది పంపిస్తారట."

అతనికి నవ్వడానికి కూడా ఓపిక లేదు. కళ్లజోడు తీసి ముక్కు మీద అచ్చు పడ్డ చోట రుద్దుకున్నాడు. పోయిన వారం నుంచీ కాగితం అడుగున సంతకానికి రెండు గళ్లు ఉంటున్నాయి. మొదటిదాంట్లో పేరు గీశాడు. రెండోదాని మీద మేనేజరే అడ్డంగా గీత కొట్టింది. గీత కాస్త వంకర పోయింది. అతను దాన్ని చూసి కూడా, కాగితం అలాగే ఆమె చేతికిచ్చాడు.